అంజనంలో కనిపించిన పచ్చచీర

2023 జూన్‌లో ఓ సాయంత్రం. ఆదివారం పేజీల పని ముగించుకుని లేవబోతుంటే పక్క సీటులోని సబ్‌ఎడిటర్ ఓ వార్త దిద్దుతూ ‘అయ్యో’ అన్నాడు. సంగారెడ్డి జిల్లా నుంచి వచ్చిన వార్త. సదాశివపేట మండలం కొల్కూర్‌లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో భార్యాభర్తలను చెట్టుకు కట్టేసి కొట్టారు. పోలీసులు వెళ్లి విడిపించారు.

నేను మళ్లీ కూర్చుండిపోయాను. సదాశివపేట అంటే నా చిన్నతనంలో బస్సు మారే చోటు. హైదరాబాద్ నుంచి వచ్చి అక్కడ దిగి వికారాబాద్ బస్సెక్కితే దారిలో మోమిన్‌పేట్ వస్తుంది. అక్కడి నుంచి మట్టిరోడ్డు మీద నడిస్తే అమ్మమ్మ వాళ్ల ఊరు. దసరా సెలవులు, వేసవి సెలవులు అన్నీ అక్కడే. మండలం పేరు చెప్పాను గానీ ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

1997 దసరా సెలవులు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మామయ్య వాళ్లింట్లో ఆ ఏడాది ఏదీ కలిసిరాలేదు. వేయించిన బోరులో నీళ్లు పడలేదు. పాలిచ్చే బర్రె కడుపుబ్బి ఒక్క రాత్రిలో చచ్చిపోయింది. అన్నిటికంటే పెద్ద కష్టం అత్తమ్మది. పొయ్యి ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెనక్కి పడిపోయేది. కళ్లు పైకి తేలేసి, చేతులు కొంకర్లు పోయి, నోట్లోంచి నురగ. లేచాక ఏమీ గుర్తుండేది కాదు. పిల్లలం మేం ఆ ఇంట్లోకి వెళ్లాలంటే భయపడేవాళ్లం.

ఆ ప్రాంతంలో ఇలాంటి వాటికి ఒకటే పేరు. బాణామతి. మెదక్, వికారాబాద్, తాండూరు, అటు దాటితే కర్ణాటకలోని గుల్బర్గా. ఈ పట్టీ అంతా ఆ మాట తెలియని ఇల్లు లేదు. ఇంటి మీద రాళ్లు పడితే బాణామతి. దండెం మీది బట్టలు కాలితే బాణామతి. ఒంటి మీద బ్లేడుతో గీసినట్టు గాట్లు కనిపిస్తే బాణామతి. ఆడమనిషి కుక్కలా అరిచినా, నాలుక లోపలికి పోయి మాట పడిపోయినా అదే. రోగానికి మందుంటుంది. దీనికి మాత్రం మనిషి కావాలి, చేసిన మనిషి. ఆ మనిషి దొరికేదాకా ఇంట్లో వాళ్లకు నిద్ర పట్టదు.

మనిషిని పట్టుకోవడానికి అంజనం వేయించాలన్నారు. పక్క మండలం నుంచి ఒకాయన వచ్చాడు. తమలపాకు మీద ఆముదంలో కలిపిన నల్లటి మసి పూస్తాడు. దీపం ముందు దాన్ని పట్టుకుని తదేకంగా చూస్తే దొంగ అయినా, చేతబడి చేసినవాళ్లయినా అందులో కనిపిస్తారట. అయితే అందరికీ కనిపించరు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకే కనిపిస్తారు. ఇంట్లో అలా పుట్టింది నేనొక్కదాన్నే. మా అమ్మ హైదరాబాద్‌లో ఉంది, అడ్డుపడేవాళ్లు లేరు. తలస్నానం చేయించి, కొత్త గౌను వేసి కూర్చోబెట్టారు. నిజం చెబుతున్నాను, నాకు చాలా గొప్పగా అనిపించింది. అంతమంది పెద్దవాళ్లు నా ముఖంలోకి చూస్తూ నా మాట కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

తమలపాకులో ఏమీ లేదు. నలుపు, అందులో వణుకుతున్న దీపం.

“ఏమన్న అగపడుతుందా బిడ్డా?” అన్నాడాయన.

లేదన్నాను.

“మంచిగ సూడు. మనిషి అస్తది. సూడు.”

ఎంతసేపు చూశానో తెలియదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. “మొగోళ్లా, ఆడోళ్లా?” అని అడిగాడు. అప్పటిదాకా ఎవరైనా కనిపిస్తున్నారా అన్న ప్రశ్న, ఇప్పుడు కనిపిస్తున్నది ఎవరన్న ప్రశ్నగా మారిపోయింది. తొమ్మిదేళ్ల దాన్ని, ఆ తేడా నాకెలా తెలుస్తుంది? ఆడోళ్లు అన్నాను. “ముసలామెనా, పడుసామెనా?” ముసలామె అన్నాను. “ఏం రంగు చీర?”

ఆ ముందురోజే గట్టు మీది సీతాఫలం చెట్టు దగ్గర ఓ అవ్వ నన్ను తిట్టింది. “కండ్లు తెరవని కాయలు ఎందుకు తెంపుతున్నవే” అని కర్ర చూపించింది. ఆమె కట్టుకున్నది పచ్చచీర అని నాకు గుర్తు. పచ్చచీర అన్నాను.

అంతే, నేను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. నా వెనక నిల్చున్న వాళ్లలో ఎవరో ఆ పేరు అన్నారు, ఇంకెవరో “నేను మొదలే అననా” అన్నారు. మేం పిల్లలం ఆమెను చింతచెట్టు అవ్వ అని పిలిచేవాళ్లం.

మర్నాడు హనుమాన్ గుడి ముందర గద్దె దగ్గర ఊరంతా చేరింది. నన్ను అమ్మమ్మ లోపలి అర్రలో కూర్చోబెట్టి గొళ్లెం వేసింది. కనుక చూడలేదు, విన్నాను. మొదట అరుపులు. తర్వాత ఒక్క గొంతు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. పండ్లు ఊడగొడితే మంత్రం సరిగ్గా పలకరాదని మా వైపు ఓ నమ్మకం. ఆ పని పట్టకారుతో చేస్తారని పెద్దయ్యాక తెలిసింది. ఆమెవి ముందరి పళ్లు రెండు పోయాయని ఆ రాత్రి ఇంట్లో మాట్లాడుకుంటుంటే దుప్పటి ముసుగులోంచి విన్నాను. వారం తిరక్కుండానే ఆ కుటుంబం ఇంటికి తాళం వేసి, రెండు మూటలతో పట్నం బస్సెక్కింది.

అత్తమ్మ ఆ నెలలో ఇంకో రెండుసార్లు పడిపోయింది. ఆ సంక్రాంతికి అమ్మ వెళ్లి ఆమెను హైదరాబాద్ తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చూపించింది. డాక్టర్ చెప్పిన మాట ఒక్కటే, మూర్ఛ. రోజూ మాత్ర వేసుకోవాలి, మానకూడదు. మాత్రలతో అత్తమ్మ పడిపోవడం ఆగిపోయింది. పచ్చచీర సంగతి మాత్రం మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడంలో ఉండే సుఖం మీకూ తెలిసే ఉంటుంది.

జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు మా మాస్టారు ఓ రోజు ‘వదంతి వార్త ఎలా అవుతుంది’ అనే పాఠం చెబుతూ సేలం కథ చెప్పారు. తమిళనాడులోని సేలం కాదు. అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉన్న సేలం గ్రామం. ఇప్పుడు దాన్ని డాన్వర్స్ అంటారు. అప్పటికి అమెరికా దేశమే లేదు, ఇంగ్లండ్ వలస రాజ్యం. ఇంగ్లండ్ చర్చిలో పద్ధతులు సరిగా లేవని, భక్తిని కడిగి శుభ్రం చేయాలని సముద్రం దాటి వచ్చిన ప్యూరిటన్ల ఊరది. ఆదివారం ప్రార్థన మానితే తప్పు, పండగ చేసుకుంటే తప్పు. అంత నిష్ఠగా బతికే ఊళ్లో 1692 జనవరిలో పాస్టర్ శామ్యూల్ పారిస్ కూతురు బెట్టీ, ఆమెతోపాటు ఆ ఇంట్లో పెరుగుతున్న బంధువుల పిల్ల అబిగైల్ వింతగా ప్రవర్తించడం మొదలెట్టారు. ఒళ్లు మెలికలు తిరగడం, అరవడం, ఎవరో గిల్లుతున్నారని ఏడవడం. చూసిన వైద్యుడు ఇది రోగం కాదు, దుష్టశక్తి పని అన్నాడు.

అబిగైల్‌కు పదకొండేళ్లు. బెట్టీ వయసు చెప్పినప్పుడు నా చేతిలో పెన్ను ఆగిపోయింది. తొమ్మిదేళ్లు.

ఆ ఊళ్లోనూ అంజనం లాంటిదే చేశారు. పొరుగింటామె సలహా మీద ఆ పిల్లల మూత్రం రై పిండిలో కలిపి, రొట్టె కాల్చి కుక్కకు పెట్టారు. చేసిన మనిషి ఎవరో దాంతో బయటపడుతుందని నమ్మకం. ఆ తర్వాత పిల్లలను అడగడం మొదలైంది. ఎవరు? ఎవరు? ఎవరు? చివరికి ముగ్గురి పేర్లు వచ్చాయి. పాస్టర్ ఇంట్లోని బానిస టిటూబా, ఇంటింటికీ తిరిగి అడుక్కునే సారా గుడ్, చాన్నాళ్లుగా చర్చికి రాని సారా ఆస్బోర్న్. ఎవరి తరఫున ఎవరూ మాట్లాడని ముగ్గురు. విచారణలో న్యాయాధికారి సారా గుడ్‌ను ‘పిల్లలను హింసించావా’ అని అడగలేదు, ‘ఎందుకు హింసిస్తున్నావు’ అని అడిగాడు. నాకు ఆ ప్రశ్న కొత్త కాదు.

టిటూబా ఒప్పుకుంది. ఇంకా చాలామంది ఉన్నారని కూడా చెప్పింది. దాంతో ఊరు ఊరంతా కదిలిపోయింది. నిందితురాలి రూపం వచ్చి నన్ను గిల్లిందని పిల్లలు చెబితే, ఆమె ఆ సమయంలో ఇంట్లోనే ఉందని పదిమంది చెప్పినా పనికిరాదు. వచ్చింది మనిషి కాదు, రూపం కదా! ఇలాంటి సాక్ష్యానికి జవాబు ఎవరు చెప్పగలరు? ఇంకో విడ్డూరం ఏమిటంటే, నేరం ఒప్పుకున్నవాళ్లను ఉరితీయలేదు, నేను చేయలేదని చివరిదాకా నిలబడ్డవాళ్లనే ఉరితీశారు. నిజం చెబితే ఉరి, అబద్ధం చెబితే ప్రాణం. ప్రాణం కోసం ఒప్పుకున్నవాళ్లు మరికొందరి పేర్లు చెప్పాల్సి వచ్చేది. అలా ఆ మంట అంటుకుంటూ పోయింది.

నూట యాభై మందికి పైగా ఈ నిందలో చిక్కుకున్నారు. పందొమ్మిది మందిని ఉరితీశారు, అందులో పద్నాలుగురు ఆడవాళ్లు. జైల్స్ కోరీ అనే ముసలాయన విచారణకు ఒప్పుకోకపోతే ఒంటి మీద బండరాళ్లు పేర్చి చంపారు. ఈయన మొదట్లో సొంత భార్యకు వ్యతిరేకంగానే మాట్లాడాడు. మార్గరెట్ జేకబ్స్ అనే అమ్మాయి భయపడి తాత పేరు చెప్పింది, తర్వాత అది అబద్ధమని మొరపెట్టుకున్నా తాతకు ఉరి తప్పలేదు. సారా గుడ్ కూతురు డొరతీకి నాలుగో అయిదో ఏళ్లు. ఆ పసిదాన్ని గొలుసులతో నెలల తరబడి జైల్లో ఉంచారు. ఆ తర్వాత తన బిడ్డ మామూలు మనిషి కాలేదని తండ్రి ఎన్నో ఏళ్ల తర్వాత సర్కారుకు రాసుకున్నాడు. జైల్లో తిన్న తిండికీ, వేసిన సంకెళ్లకూ ఖర్చు నిందితులే కట్టాలి. నిర్దోషి అని తేలినా ఆ బాకీ తీరితేనే విడుదల. కొందరి పశువులను, గింజలను అధికారులు ఎత్తుకుపోయారు. పొలం పనులు చూసుకునే దిక్కులేకపోయింది. ఆ అక్టోబరులో గవర్నర్ ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. అప్పటికి నింద ఆయన భార్య దాకా వచ్చిందని అంటారు.

మాస్టారు దీన్ని వదంతుల పాఠంగా చెప్పారు. నాకు మాత్రం ఇంకో సంగతి దగ్గర మనసు ఆగిపోయింది. డెబ్భై ఒక్కేళ్ల రెబెకా నర్స్‌ను ఉరితీశారు. భక్తురాలు, మంచి పేరున్న మనిషి. జ్యూరీ మొదట నిర్దోషి అని కూడా అంది, తర్వాత మాట మార్చింది. ఆమె మీద గట్టిగా నింద వేసిన వాళ్లలో పట్నం అనే కుటుంబం ఉంది. రెబెకా పుట్టింటి వాళ్లకూ ఈ పట్నం వాళ్లకూ చాలా ఏళ్లుగా పొలాల సరిహద్దు తగాదా. అంటే గట్టు పంచాయితీ!

క్లాసులోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మామయ్య వాళ్ల చేనుకూ, చింతచెట్టు అవ్వ వాళ్ల చేనుకూ మధ్య ఉన్న గట్టు. ఆ గట్టు మీది సీతాఫలం చెట్లు. అవి ఎవరివన్న పంచాయితీ నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఆమె నన్ను తిట్టింది కాయల కోసమని అన్నాళ్లూ అనుకున్నాను.

మా వైపు ఈ జబ్బు గురించి ఎవరూ పట్టించుకోలేదని అనడానికి లేదు. 1980ల్లో మెదక్ జిల్లాలో బాణామతి పేరుతో దాడులు పెరిగినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు డాక్టర్లను, మానసిక వైద్యులను, మేజిక్ చేసేవాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగారు. మంత్రగాళ్లు చేసే పనులను అందరి ముందూ చేసి చూపించి, గుట్టు విప్పారు. తర్వాత జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు కూడా ఊరూరా అదే పని చేశారు. మరి ఆ రోజుల్లోనే మా అమ్మ తరం వాళ్లు యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌ను ఊపిరి బిగబట్టి చదివారు. అమ్మ ఆ వారపత్రిక వచ్చిన రాత్రి ఒంటరిగా పెరట్లోకి వెళ్లేది కాదట. చదువుకున్న మా ఇంటి సంగతే అది.

మరి ఇప్పుడు? 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో ఒకామె చనిపోతే, చేతబడి చేశాడని ఓ యువకుడిని ఆమె చితి మీదే కాల్చారు. హైదరాబాద్‌కు కూతవేటు దూరం! 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశంలోనే తండ్రినీ, ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో ఓ మహిళను పెట్రోలు పోసి కాల్చేశారు. సేలంలో ఆ పిచ్చి ఏడాదిన్నరలో చల్లారింది. ఎందుకంటే అక్కడ కోర్టే ఉరితీసింది, కనుక కోర్టు ఆగితే ఉరీ ఆగింది. మన దగ్గర రచ్చబండ దగ్గరో, చెట్టు కిందో తీర్పు ఇచ్చేస్తారు. దాన్ని రద్దు చేయడానికి గవర్నర్ ఎక్కడున్నాడు?

సేలంవాళ్లలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. తప్పు చేశాక కొందరు నోరు విప్పారు. తీర్పులిచ్చిన జడ్జీల్లో ఒకరైన శామ్యూల్ సీవాల్ 1697లో చర్చిలో అందరి ముందు లేచి నిలబడ్డాడు. తప్పు నాదే, సిగ్గుపడుతున్నానని ఆయన రాసిచ్చిన కాగితాన్ని పాస్టర్ చదివి వినిపించాడు. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టర్ జోసెఫ్ గ్రీన్ చర్చిలో ఎవరెక్కడ కూర్చోవాలో మార్చేసి, పట్నం వాళ్ల పక్కన నర్స్ వాళ్లను కూర్చోబెట్టాడు. ఎంత చిన్న పని, ఎంత కష్టమైన పని! 1706లో ఆన్ పట్నం వంతు వచ్చింది. నింద వేసిన పిల్లల్లో ముందున్నది ఈమే. అప్పుడు పన్నెండేళ్లు, ఇప్పుడు పెళ్లికాని ఆడపిల్ల, తల్లిదండ్రులు పోయారు. ఆమె క్షమాపణను గ్రీన్ చదువుతుంటే చర్చిలో నిలబడి వింది. కోపంతోనో పగతోనో చేయలేదనీ, సైతాను తనను భ్రమపెట్టిందనీ ఆ కాగితం సారాంశం. ఇది సగం క్షమాపణే అని నా అభిప్రాయం. కానీ నిలబడింది కదా. నేను అదీ చేయలేదు.

ఉరిశిక్ష పడి తర్వాత బయటపడిన ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమె పేరు మాత్రం ఎలాగో దోషుల జాబితాలోనే మిగిలిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచరు పట్టుబట్టి తిరిగితే 2022లో మసాచుసెట్స్ శాసనసభ దాన్ని కొట్టేసింది. మూడు వందల ఏళ్లు దాటాక!

కొల్కూర్ వార్త వచ్చిన రెండు వారాలకు అమ్మమ్మ ఊళ్లో తెలిసినవాళ్లను అడిగి ఓ ఫోన్ నంబరు సంపాదించాను. చింతచెట్టు అవ్వ ఎప్పుడో పోయింది. కొడుకు, కోడలు లింగంపల్లి వైపు ఓ రేకుల ఇంట్లో అద్దెకుంటున్నారు. కొడుకు మేస్త్రీ పనికి వెళ్లాడు. కోడలు ఉంది. యాభై అయిదేళ్లుంటాయి. మా అమ్మ పేరు, అమ్మమ్మ పేరు చెప్పాను. కుర్చీ వేసింది. నీళ్లిచ్చింది. ఏం అడగలేదు.

“చిన్నమ్మా, ఆ రోజు అంజనం చూసింది నేనే” అన్నాను. దారంతా సిద్ధం చేసుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి, అవేవీ రాలేదు.

“ఎరికే బిడ్డా” అంది. “అప్పుడే ఎరికే. పచ్చచీర అన్నవంట గదా.”

“తప్పయిపోయింది. నన్ను మాఫ్ చెయ్యి.”

ఆమె కొంగుతో కుర్చీ చేయి తుడిచింది, అక్కడ దుమ్మేమీ లేదు. “ఊర్లె పచ్చచీరలు ఎంతమందికి లేవు? మీ అమ్మమ్మ కట్టలేదా? నేను కట్టలేదా? అందరు మా అత్తను ఎందుకన్నరు? నువ్వు ఎర్రచీర అన్నా మా అత్తనే అందురు” అంది. గొంతులో కోపం లేదు, క్షమించానన్న ధ్వనీ లేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పింది. ఇప్పుడు ఆ చేను మామయ్య వాళ్ల పేరు మీదే ఉంది. వెళ్లేటప్పుడు వాళ్లు ఎంతకు అమ్మారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అవ్వ గురించి నాలుగు ముక్కలు చెప్పింది. పట్నం వచ్చాక ఎవరింటి పేరంటానికీ పోలేదట. నవ్వితే పళ్లు కనిపిస్తాయని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదట. పక్కింటి పిల్లలకు జ్వరమొస్తే, ఆ ఇంటి వైపు చూడకుండా తలుపు వేసుకుని కూర్చునేదట.

చాయ్ ఇచ్చింది. తాగాను. లేస్తుంటే గుమ్మం దాకా వచ్చి అడిగింది.

“మీ అత్తకు ఇప్పుడెట్లున్నది? పడిపోవుడు తగ్గిందా?”

“తగ్గింది చిన్నమ్మా. మాత్రలు వేసుకుంటోంది.”

“ఏస్కోమను. ఇడిసిపెట్టొద్దను” అంది.